శనివారం వచ్చే టీచరు గారు

నాకు నోరెక్కువ. ఇది నేను కొత్తగా కనిపెట్టిన సంగతి కాదు, మా అమ్మ నా చిన్నప్పటి నుంచీ ఊళ్లో అందరికీ చెప్పుకున్నదే. ఉంగుటూరులో మా ఇంటి ముందు నుంచి ఎవరు వెళ్లినా పలకరించకుండా వదిలేదాన్ని కాదు. పాలవాడు, ప్యాసింజరు కోసం పరుగెత్తే కాలేజీ పిల్లలు, ఊడ్పుల నుంచి తిరిగొచ్చే ఆడవాళ్లు, అందరూ నాకు కావలసినవాళ్లే. మా వైపు అంతే. ఎదురుపడ్డ మనిషిని "బాగున్నారా అండీ" అనకుండా తల దించుకుని పోతే, సాయంత్రానికల్లా ఆ పిల్లకి పొగరు అని పేరు వచ్చేస్తుంది. అలాంటి నన్ను, మనుషుల్ని చూసి కూడా చూడనట్టు వెళ్లాల్సిన పనిలో పెట్టారు. పెట్టిన వాళ్ల తప్పేమీ లేదు. తప్పు నాది. ఇన్నేళ్లకి అది ఒప్పుకుందామనే ఇది రాస్తున్నాను.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో మాట. ఇంటర్ అయ్యాక నర్సింగులో సీటు రాలేదు. రెండేళ్లు ఇంట్లో కూర్చుని అమ్మతో పోట్లాడుతూ గడిపాను. అప్పుడు మా చర్చిలో ఒకావిడ, ఏలూరులో ఒక రిటైరైన నర్సు గారికి చేతి కింద అమ్మాయి కావాలట అని చెప్పింది. ఆ నర్సు గారు మద్రాసులో పని నేర్చుకుని వచ్చి, పవర్‌పేటలో తన ఇంటి వెనక గదిలో, ఆడవాళ్లకి గడ్డం మీదా పైపెదవి మీదా వచ్చే వెంట్రుకల్ని కరెంటుతో మళ్లీ రాకుండా తీసేవారు. ఆ పనిని ఎలక్ట్రాలిసిస్ అంటారు. మా నాన్నకి ఆ మాట నోరు తిరగలేదు. "మా అమ్మాయి ఏలూరులో కరెంటు పని నేర్చుకుంటోందండీ" అని చెప్పేవాడు. దాంతో ఊళ్లో సగంమంది నేను ఇళ్లకి వైరింగు చేస్తాననుకున్నారు. ఒకాయనైతే ఫ్యాను తిరగడం లేదని ఇంటికే వచ్చేశాడు.

ఆ నర్సు గారిని అందరూ సిస్టర్ గారు అనేవారు, నేనూ అదే అనేదాన్ని. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ లేత రంగు నేత చీరలో ఉండేవారు. మాట తక్కువ. నేను పది మాటలు మాట్లాడితే ఒక మాట అనేవారు, అది కూడా "గోళ్లు కత్తిరించుకో" లాంటిది.

పని వినడానికి చిన్నదే. ఒక్కో వెంట్రుక పక్కనే, అది బయటికొచ్చే రంధ్రంలోంచే, వెంట్రుకంత సన్నటి సూదిని లోపలికి జార్చాలి. చర్మాన్ని గుచ్చకూడదు. వెంట్రుక ఏ వాలున ఉంటే సూది ఆ వాలునే వెళ్లాలి. అప్పుడు కాలితో పెడల్ నొక్కితే కొద్దిపాటి కరెంటు లోపలికి పోతుంది. మనసులో పదిహేను లెక్కపెట్టి వదిలి, చిన్న పట్టకారుతో పట్టుకుంటే వెంట్రుక దానంతట అది జారి రావాలి. లాగితే వచ్చిందంటే వేరు చావలేదన్నమాట, కొన్ని వారాలకి మళ్లీ మొలుస్తుంది. కరెంటు ఎక్కువైతే మచ్చ పడుతుంది. ఒకటి అయ్యాక ఇంకొకటి, అదయ్యాక మరొకటి. ఒక గడ్డం పూర్తిగా బాగవడానికి ఏడాదిన్నర పట్టేది.

మొదటి రెండు నెలలూ నన్ను మెషీన్ దగ్గరికి రానివ్వలేదు. పట్టకార్లు మరిగించడం, దుప్పట్లు మార్చడం, భూతద్దం లైటు పట్టుకుని నిలబడటం, ఇవే పనులు. తర్వాత కోడి తోలు మీద సాధన. మాకు ఆదివారం చర్చి అయ్యాక కోడికూర ఉండాల్సిందే కాబట్టి, కొట్టువాణ్ణి బతిమాలి తోలు విడిగా ఒలిపించి తెచ్చేదాన్ని. ఈకలు పీకిన చోట రంధ్రాలు ఉంటాయి కదా, సోమవారం పొద్దున్నే వాటిలోకి సూది వాలు తప్పకుండా దింపడం నేర్చుకునేదాన్ని. ఆ తర్వాత నా సొంత కాలు. ఎడమ కాలి పిక్క మీద సన్నటి తెల్ల మచ్చలు ఇప్పటికీ ఉన్నాయి, నేను తొందరపడ్డ రోజులకి గుర్తుగా. నా చెయ్యి సరిగ్గా లేకపోతే సిస్టర్ గారు తిట్టేవారు కాదు. మాట్లాడకుండా నా వేళ్లలోంచి సూది తీసేసుకుని తనే చేసేవారు. రెండు తిట్లు తిట్టినా బాగుండును అనిపించేది. నేను వెనకాల కూర్చుని ముక్కు చీదుకునేదాన్ని.

ఆ ఇంట్లో అన్నిటికంటే గట్టి నియమం మెషీన్ గురించి కాదు. వచ్చేవాళ్లందరూ పెరటి గుమ్మం నుంచే రావాలి. ఒకరు వెళ్లాక అరగంట ఆగి గానీ ఇంకొకర్ని రమ్మనేవారు కాదు, ఒకరి కంట ఒకరు పడకూడదని. కార్డుల మీద పేర్లుండవు, నంబర్లే. ఒక్కొక్కరి సూదికీ ఒక్కో గాజు గొట్టం, దాని మీదా నంబరే. నేను చేరిన రోజే సిస్టర్ గారు నన్ను కూర్చోబెట్టి చెప్పారు.

"ఈ గుమ్మం దాటాక వాళ్లెవరో నీకు తెలీదు. వాళ్లు పలకరిస్తే పలుకు. పలకరించకపోతే నువ్వు చూడనేలేదు."

నాకు అది వింతగా అనిపించింది. తెలిసిన మనిషి ఎదురైతే మొహం తిప్పుకోవడమేంటండీ, మర్యాద కాదు కదా అన్నాను. ఇక్కడ అదే మర్యాద అన్నారావిడ. ఒకసారి కూరల బజారులో, మా దగ్గరికి వారం వారం వచ్చే ఒక పెద్దావిడ సిస్టర్ గారి పక్కనే నిలబడి వంకాయలు ఏరుకుంది. ఇద్దరూ ఒకే బుట్టలో చేతులు పెట్టి కూడా ఒకరినొకరు చూసుకోలేదు. నేను సంచి పట్టుకుని వెనక నిలబడి, అబ్బ, ఎంత రాతి మనుషులో అనుకున్నాను. నా బుద్ధి అప్పుడు అంత.

టీచరు గారు నేను చేరిన ఏడాదిలో వచ్చారు. కలిదిండి వైపు కొల్లేటి ఊళ్లలో ఒక స్కూల్లో పాఠాలు చెప్పేవారు. ఇంట్లోవాళ్లకి చేపల చెరువులు. భర్త ఎక్కువగా చెరువు గట్టు మీదే ఉంటారట, ఇంట్లో అత్తగారూ ఈవిడానూ. ముప్ఫై అయిదేళ్లుంటాయేమో. పైపెదవి మీదా గడ్డం మీదా రెండు దవడల కిందా గట్టి వెంట్రుకలు. పెళ్లయిన దగ్గర్నుంచీ ఎవరికీ తెలియకుండా పీక్కుంటూ, గీసుకుంటూ నెట్టుకొచ్చారు. మా దగ్గర మొదలుపెట్టాక పీకకూడదు, గీయకూడదు, కత్తెరతో కత్తిరించుకోవచ్చంతే. అందుకని ఇంట్లో పన్ను పాడైందని చెప్పి, దవడకి చేతిరుమాలు అడ్డం పెట్టుకుని, రెండు బస్సులు మారి శనివారం శనివారం వచ్చేవారు. తిరిగి వెళ్లేటప్పుడు ఎలాగూ దవడ కాస్త ఎర్రగా వాచి ఉండేది కాబట్టి ఆ అబద్ధానికి ఆ వాపే సాక్ష్యం.

"ఎన్ని పళ్లు పాడవుతాయండీ టీచరు గారూ, ఇంట్లో అడగరూ?" అని ఏడిపించేదాన్ని.

"ముప్ఫై రెండున్నాయి కదమ్మా. ఏడాదిన్నరకి చాలవూ?" అనేవారు.

సూది లోపల ఉన్నప్పుడు దవడ కదపకూడదు. లైటు పడకుండా కళ్ల మీద తడి దూది పెట్టేవాళ్లం. కరెంటు ఒంట్లోంచి తిరిగి మెషీన్‌కి పోవడానికి ఒక చేతిలో తడిగుడ్డ చుట్టిన ఇనుప కడ్డీ పట్టుకుని, నోరు మెదపకుండా, కళ్లు మూసుకుని పడుకోవాలి పాపం. కాబట్టి మాట్లాడేదంతా నేనే. మా ఊరి సంగతులు, మా అమ్మ తిట్లు, నర్సింగు సీటు రాకపోవడం, ఏవేవో వాగుతూనే ఉండేదాన్ని. ఆవిడ గొంతులోనే ఊ కొట్టేవారు. కరెంటు పోయినప్పుడు మాత్రం మెషీన్ ఆగిపోయేది, అప్పుడు ఆవిడ వంతు. అలాంటి ఒక పూట ఆవిడ ఒక మాట చెప్పారు. నేను ఇనుప కడ్డీ చుట్టూ గుడ్డ మార్చి కడుతున్నాను.

"పెళ్లయి పదకొండేళ్లయిందమ్మా. ఇన్నేళ్లలో ఒక్కరోజు కూడా మా అత్తయ్య లేచాక నేను లేవలేదు. జ్వరం వచ్చినా సరే, ముందు లేచి అద్దం ముందు నిలబడాలి. ఇది అయిపోయాక ఒక్కరోజు అందరికంటే ఆలస్యంగా లేస్తాను. అంతే నా కోరిక."

తప్పకుండా లేద్దురు గాని అండీ, నేను చేస్తాను కదా అన్నాను. ఎంత గొప్పగా అన్నానో ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ఎందుకంటే ఆ గొప్ప అప్పటికి నాకు బాగానే ఎక్కింది. సిస్టర్ గారికి ఒక అలవాటుండేది. ముందు ఒక వైపంతా పూర్తిచేసి, ఆ నున్నటి వైపుని వాళ్లకి అద్దంలో చూపించి, అప్పుడు రెండో వైపు మొదలుపెట్టేవారు. మధ్యలో మానేయకుండా వాళ్లకి ధైర్యం ఉంటుందని. టీచరు గారి పైపెదవి తను చేసి, ఎడమ దవడ మొత్తం నాకు అప్పజెప్పారు. నా చేతికి ఇచ్చిన మొదటి మొహం అది. ఎనిమిది నెలలు చేశాను. ఎడమ దవడ కింద ఏ వెంట్రుక ఏ వాలున ఉంటుందో నాకు కళ్లు మూసుకున్నా తెలిసేది. ఆవిడ గుమ్మంలో అడుగుపెట్టగానే నేను చేసే మొదటి పని, రుమాలు పట్టుకున్న చేతిని నా ఎడమ చేత్తో పక్కకి జరిపి, కుడి చేతి వేలు గడ్డం కింద పెట్టి, మొహాన్ని కిటికీ వెలుతురు వైపు తిప్పడం. పోయిన వారం చేసిన చోట ఎలా మానిందో చూడటం. ఇది నా చేతికి ఎంత అలవాటైపోయిందంటే, ఇంట్లో మా అమ్మ గడ్డం కూడా పట్టుకుని తిప్పి చూసి నాలుగు తిట్లు తిన్నాను.

డిసెంబరు వచ్చింది. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక, క్రిస్మస్ బట్టలు కొనుక్కుందామని అమ్మా నేనూ తాడేపల్లిగూడెం వెళ్లాం. బట్టల కొట్టు కిటకిటలాడుతోంది. పరుపుల మీద జనం, జనం మధ్యలో చీరల గుట్టలు, నెత్తిన వరసగా ట్యూబులైట్లు. అమ్మ అన్ని రంగుల్లోనూ బూడిద రంగే ఏరుకుంటుంటే విసుగొచ్చి అటూ ఇటూ చూస్తున్నాను. ఎదుటి పరుపు మీద టీచరు గారు. ముందు రోజే మా గదిలో నా చేతి కింద పడుకుని వెళ్లిన మనిషి. పక్కన పెద్దావిడ, అవతల ఇంకొకావిడ. ఆడపడుచు గారిది గూడెమేనని ఎప్పుడో చెప్పారు, కాబట్టి వాళ్లు అత్తగారూ ఆడపడుచూ అయి ఉండాలి. టీచరు గారు నన్ను చూశారు. చూసి, కళ్లు దించుకుని చేతిలో ఉన్న చీర అంచు పరీక్షగా చూడటం మొదలుపెట్టారు.

నియమం నాకు తెలీదా? తెలుసు. కానీ నా మొహం మండ, ఆవిడ నన్ను సరిగ్గా పోల్చుకోలేదేమోననుకున్నాను. నిజం చెప్పాలంటే అదీ కాదు. ఊళ్లో వైరింగు పిల్లనైన నాకు, ఇంత మర్యాదస్తురాలైన టీచరు గారు తెలుసని మా అమ్మకి చూపించాలనిపించింది. లేచి వెళ్లాను.

బాగున్నారా అండీ టీచరు గారూ అన్నాను. బాగున్నానమ్మా అన్నారావిడ పొడిగా. పక్కనున్న పెద్దావిడ నవ్వుతూ, ఎవరమ్మా నువ్వు, ఏ ఊరు అని నన్ను ఆప్యాయంగా అడిగారు. నేను నోరు తెరిచేలోపే టీచరు గారు అందుకున్నారు.

"ఏలూరులో పళ్ల డాక్టరు గారి దగ్గర చేస్తుందండీ అత్తయ్యా."

నాకు అర్థమైంది. అవునండీ అని తలూపాను. అక్కడితో వెనక్కి వచ్చేసి ఉంటే ఏ గొడవా ఉండేది కాదు. నోరెక్కువైన నేను ఆ పూట నోరు జారలేదు, అది నిజం. నాకు ఆ క్షణంలో నా తెలివికి కాస్త గర్వం కూడా వేసింది.

కానీ టీచరు గారు రుమాలు కాస్త కిందికి దించి ఉన్నారు. ట్యూబులైటు సూటిగా మొహం మీద పడుతోంది. ఎడమ దవడ కింద, నేను ముందు రోజు చేసిన చోట, ఒక ఎర్రటి పొక్కు కనబడింది. కరెంటు ఎక్కువ పెట్టానా? మచ్చ పడుతుందా? నా పని మీద ఉన్న భయం తప్ప ఆ నిమిషంలో నా బుర్రలో ఇంకేమీ లేదు. నా ఎడమ చెయ్యి వెళ్లి ఆవిడ రుమాలు చేతిని పక్కకి జరిపింది. కుడి చేతి వేలు గడ్డం కిందికి వెళ్లి, మొహాన్ని పైకెత్తి, లైటు వైపు తిప్పింది. బొటనవేలితో ఆ పొక్కు చుట్టూ నొక్కి చూశాను. మామూలు పొక్కే, రెండు రోజుల్లో మానిపోతుంది. హమ్మయ్య అనుకున్నాను. అలవాటు కొద్దీ రెండో వైపు కూడా తిప్పాను.

రెండో వైపు మేమింకా మొదలుపెట్టలేదు. కత్తెరతో కత్తిరించుకున్న వెంట్రుకలు ఆ వెలుతురులో నల్లగా, గరుగ్గా, ఒక్కొక్కటీ విడివిడిగా కనబడుతున్నాయి.

పళ్ల డాక్టరు దగ్గర పనిచేసే పిల్ల ఎవరి దవడనీ అలా తడమదు. నేను తల తిప్పేసరికి అత్తగారు చూస్తున్నారు. నా వైపు కాదు, నా వేలు ఎక్కడుందో అక్కడికి. నా చెయ్యి అక్కడే ఉండిపోయింది. టీచరు గారు నెమ్మదిగా నా వేలు తీసి పక్కన పెట్టి, రుమాలు మళ్లీ దవడకి పెట్టుకున్నారు. అత్తగారు కొట్లో అబ్బాయితో, ఆ నీలం చీర ఇలా తియ్యి నాయనా అన్నారు. నేను వెనక్కి ఎలా వచ్చానో నాకు గుర్తు లేదు. అమ్మ బూడిద రంగు చీరే కొంది. ఎవరే ఆవిడ, పరిచయం చెయ్యకపోతివి అంటే, ఎవరో అనుకున్నానమ్మా, కాదు అన్నాను.

తర్వాతి శనివారం టీచరు గారు రాలేదు. ఆ పై శనివారమూ రాలేదు. క్రిస్మస్ వెళ్లింది, కొత్త సంవత్సరం వెళ్లింది. నేను ప్రతి శనివారం ఆవిడ గొట్టం తీసి, సూది మరిగించి, ట్రేలో పెట్టి, పెరటి గుమ్మం వైపు చూస్తూ కూర్చునేదాన్ని. సిస్టర్ గారు ఒంట్లో బాగా లేదేమో అన్నారు. అవునేమోనండీ అన్నాను. ఇలా నాలుగు వారాలు దొంగతనం దాచుకున్నట్టు దాచుకున్నాను. చివరికి ఒకరోజు దుప్పట్లు మడతపెడుతూ, ఉండబట్టలేక ఏడుస్తూ సిస్టర్ గారికి మొత్తం చెప్పేశాను.

ఆవిడ చివరిదాకా విన్నారు. తిడతారేమోనని ఎదురుచూశాను, తిడితే బాగుండునని కూడా అనుకున్నాను. ఒకే ఒక ప్రశ్న వేశారు.

"ఆ పొక్కు గురించి ఆవిణ్ణి అడగొచ్చు కదా, వచ్చే శనివారం?"

అడగొచ్చు. ఆరు రోజులాగితే ఆవిడే నా ముందుకి వచ్చి పడుకునేవారు. ఆ ముక్క నాకు అప్పటిదాకా తట్టనేలేదు. నేను వెళ్లి క్షమించమని అడిగి వస్తానండీ అన్నాను. వెళ్లొద్దన్నారు. వెళ్తే మళ్లీ నువ్వెవరో అక్కడ చెప్పుకోవాల్సిన పని ఆవిడకే పడుతుంది, ఉన్నది చాలదా అన్నారు. ఆ తర్వాత ఎప్పుడూ ఆ విషయం ఎత్తలేదు. నన్ను పని మానిపించలేదు. వారం తిరక్కుండా ఇంకొకరి మొహం నా చేతికిచ్చారు. ఆ దయ నాకు అప్పట్లో భరించడం కష్టమైంది.

తర్వాత నేను పని బాగానే నేర్చుకున్నాను. గూడెంలో నాకంటూ ఒక గది పెట్టుకుని, లేజరు మెషీన్లు వచ్చి జనం అటు మళ్లేదాకా చాలా ఏళ్లు చేశాను. బజార్లో నా దగ్గరికి వచ్చేవాళ్లు ఎదురైతే, అచ్చం సిస్టర్ గారిలాగే చూపు తిప్పుకునేదాన్ని. కొత్తవాళ్లు నన్ను చూసి పొగరనుకుని ఉంటారు. అనుకోనీ. కానీ అదంతా తర్వాతి మాట. టీచరు గారు రావడం మానేసిన ఆ వేసవిలో మాత్రం, వెళ్లొద్దన్న సిస్టర్ గారి మాట విననే వినలేదు.

ఒంటిపూట బడులు మొదలయ్యాయి. ఇంట్లో ఏలూరు వెళ్తున్నానని చెప్పి, కైకలూరులో బస్సు మారి టీచరు గారి ఊరు వెళ్లాను. దారికి రెండు పక్కలా కనుచూపు మేర చెరువులే, గట్ల మీద మేత బస్తాలు, నీళ్ల మీదుగా వేడిగాలి. ఇంటికి వెళ్లే ధైర్యం లేదు. స్కూలైతే నయమనుకున్నాను. బడి వదిలే వేళకి వెళ్లి వరండా చివర నిలబడ్డాను. పిల్లలు నన్ను వింతగా చూస్తున్నారు. టీచరు గారు క్లాసులోంచి నన్ను చూసి, సుద్దముక్క బల్ల మీద పెట్టి, బయటికి వచ్చారు. మొహం పాలిపోయింది.

"సిస్టర్ గారు పంపారా?"

"లేదండీ. నేనే వచ్చానండీ. తప్పయిపోయిందండీ టీచరు గారూ. మిగతాది చేయించుకోండి. మీరెక్కడికి రమ్మంటే అక్కడికి వచ్చి చేస్తానండీ."

దారి పొడవునా కూడబలుక్కున్న మాటలు అవి. చాలా పెద్ద మాటలనుకున్నాను బస్సులో. అక్కడ ఆ వరండాలో వినడానికి ఎంత తేలిగ్గా ఉన్నాయో.

ఆవిడ వరండా స్తంభాన్ని ఆనుకుని నిలబడ్డారు. కోపం లేదు. కోపం ఉంటే నాకు కాస్త సులువయ్యేది. నీ చెయ్యి మంచిదమ్మా, ఎడమ వైపు మళ్లీ రాలేదు అన్నారు. ఇప్పుడిక శనివారం ఏలూరు బస్సెక్కితే ఎందుకో ఇంట్లో అందరికీ తెలుసు, అది తెలిసి వాళ్ల ముందునుంచి గుమ్మం దాటి రావడం నా వల్ల కాదు అన్నారు. అత్తగారు ఏమైనా అన్నారా అండీ అని అడిగాను. లేదని తలూపారు.

"ఒక్క మాట అనలేదమ్మా. ఎప్పటిలాగే పిలుస్తారు, ఎప్పటిలాగే అన్నం పెడతారు. కానీ ఇదివరకు నాతో మాట్లాడేటప్పుడు నా కళ్లలోకి చూసి మాట్లాడేవారు. ఇప్పుడు ఇక్కడ చూసి మాట్లాడుతున్నారు."

గడ్డం మీద వేలు పెట్టి చూపించారు. తర్వాత ఇంకేదో చెప్తున్నారు. భర్త గురించో, బడి గురించో. నేను తలూపుతున్నాను. ఎండ వరండాలోకి పడుతోంది. కుడి దవడ కింద రెండు రోజుల పెరుగుదల, గడ్డం మొనకి దగ్గరగా ముతకవి ఎక్కువ, దవడ వంపులో వాలు కాస్త అడ్డంగా ఉంది. వారానికి ఒక పూట చొప్పున అయితే ఏడెనిమిది నెలల పని.

మాట ఆగిపోయింది. ఎందుకాగిందా అని తల ఎత్తాను. ఆవిడ నన్నే చూస్తున్నారు.

"నువ్వూ అక్కడే చూస్తున్నావమ్మా," అన్నారు.

ఆవిడ కొంగు దవడ మీదికి లాక్కుని క్లాసులోకి వెళ్లిపోయారు. ఎనిమిది నెలల శనివారాలు ఆ మొహం మీద వంగి కూర్చున్నాను. ఆవిడ కళ్లు ఎలా ఉంటాయని ఎవరైనా అడిగితే నేను చెప్పలేను.